ఐర్లాండ్‌లో చిన్న ఊళ్ళో నెలరోజులు: ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, ఎలా గడుస్తుంది?

నమస్కారం అండీ. మీ ప్రశ్న చూశాను. అబ్బాయి డబ్లిన్‌లో ఉద్యోగం, తనది ఒక్క బెడ్‌రూమ్ ఫ్లాటు. మీరిద్దరూ రిటైరయ్యారు, సెప్టెంబరు మొదట్లో వెళ్ళి ఆరు వారాలు ఉండాలనుకుంటున్నారు. అందులో ఒక నెల పడమటి తీరంలో ఏదైనా చిన్న ఊళ్ళో విడిగా ఇల్లు తీసుకుంటే ఎలా ఉంటుంది, శాకాహారులకు తిండి ఎలా, కారు లేకుండా కుదురుతుందా, పొద్దుపోక పిచ్చెక్కదా అని అడిగారు.

ఉండొచ్చు, హాయిగా ఉండొచ్చు. కానీ ఒక్క షరతు. ఇల్లు ఊళ్ళోనే ఉండాలి, ఆ ఊరికి రైలు ఉండాలి. ఈ రెండూ కుదిరితే మిగతావన్నీ సర్దుకుంటాయి. కుదరకపోతే ఎంత అందమైన చోటైనా పదో రోజుకి అబ్బాయికి ఫోన్ చేసి "వచ్చి తీసుకెళ్ళు నాన్నా" అంటారు. మేం అన్నాం కాబట్టి చెబుతున్నాను.

మా అమ్మాయి డబ్లిన్‌లో ఉంటుంది. మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు, నేను హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మాది తెనాలి దగ్గర పల్లె. మేయో కౌంటీలోని వెస్ట్‌పోర్ట్‌లో రెండుసార్లు ఉన్నాం: 2019 సెప్టెంబరులో మూడు వారాలు, 2024 మే, జూన్‌లలో ఏడు వారాలు. ఊరు ఒకటే, అనుభవాలు మాత్రం పూర్తిగా వేరు.

మొదటిసారి ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి మురిసిపోయాం. తెల్ల గోడల ఇల్లు, ఎదురుగా గొర్రెలు, వెనక సముద్రపు పాయ. "ఊరికి అయిదు నిమిషాలు" అని రాసి ఉంది. అది కారులో అయిదు నిమిషాలని దిగాక తెలిసింది. నడిస్తే గంట పైనే. నడుద్దామంటే ఆ రోడ్డుకి కాలిబాట లేదు. రెండు వైపులా రాతి గోడలు, మధ్యలో ఒక కారు, పక్కన ఒక మనిషి పట్టేంత జాగా. మలుపు దగ్గర పాల ట్యాంకరు ఎదురైతే గోడకి అతుక్కుపోవడమే. ట్యాక్సీకి ఫోన్ చేస్తే "ముప్పావు గంటలో వస్తా" అనేవాడు. పాల ప్యాకెట్టు కోసం ట్యాక్సీ ఏమిటని మావారు నాలుగు రోజులు బ్లాక్ టీతో గడిపారు. ఇంటివాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు ఉన్నదే రాశారు. అడగవలసింది మేం అడగలేదు.

అందుకే ఇల్లు చూసేటప్పుడు అడ్రసు కాదు, ఎయిర్‌కోడ్ అడగండి. అది ఏడు అక్షరాల, అంకెల కోడ్. 2015 నుంచి ఆ దేశంలో ప్రతి ఇంటికీ విడివిడిగా ఒకటి ఉంది. వెస్ట్‌పోర్ట్‌వి ఎఫ్ 28 తో మొదలవుతాయి. దాన్ని మ్యాప్‌లో కొట్టి, కిరాణా షాపుకీ రైల్వే స్టేషనుకీ నడక ఎంతో చూడండి, కారు దూరం కాదు. పదిహేను నిమిషాలు దాటితే వద్దు. దిగాక ఆ కోడ్ కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫోన్ పక్కన పెట్టుకోండి. పల్లెల్లో ఇళ్ళకి నంబర్లుండవు. అంబులెన్సు కోసం 112 కి గానీ 999 కి గానీ చేస్తే వాళ్ళకి దారి చూపించేది అదే.

ఊరి ఎంపిక విషయానికొస్తే, మీరు రాసిన డింగిల్, క్లిఫ్‌డెన్ రెండూ చూడచక్కనివే. రెంటికీ రైలు లేదు. క్లిఫ్‌డెన్ రైలు 1935 లోనే ఆగిపోయింది. డింగిల్ వెళ్ళాలంటే ట్రలీ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. నాలుగు రోజులకి సరే గానీ నెలకి నేనైతే చెప్పను. రైలున్న ఊళ్ళలో కిలార్నీ, కార్క్ పక్కన కోవ్, ఈ వెస్ట్‌పోర్ట్ ఉన్నాయి. కిలార్నీ టూరిస్టుల ఊరు, పొద్దున్నే బస్సులు దిగుతూ ఉంటాయి. కోవ్‌లో ఇళ్ళన్నీ ఎత్తు మీద, మోకాళ్ళ నొప్పులుంటే కష్టం. మీ శ్రీమతిగారికి మోకాళ్ళ నొప్పులని రాశారు కాబట్టి నా ఓటు వెస్ట్‌పోర్ట్‌కే.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి అక్కడికి మూడుంబావు గంటల ప్రయాణం. అథ్లోన్, రోస్‌కామన్, క్లేర్‌మోరిస్, కాసిల్‌బార్ మీదుగా వెళుతుంది. టిక్కెట్టు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే చవక. రిజర్వు చేస్తే సీటు పైన చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులో మన పేరే కనిపిస్తుంది. మావారి పేరు పొడవుకి అందులో ఇంటిపేరుతో సహా సగమే పట్టింది. అయినా ఫొటో తీసి తెనాలి గ్రూపులో పెట్టారు.

ఊరు చిన్నది, ఏడు వేల లోపు జనం. 18వ శతాబ్దంలో ప్లాను వేసి కట్టిన ఊరు కావడంతో చిక్కు లేకుండా ఉంటుంది. మధ్యలో క్యారోబెగ్ అనే చిన్న ఏరు, దానికి రెండు వైపులా చెట్లు, రాతి వంతెనలు. మీదకెళితే ఎనిమిది మూలల కూడలి, పేరు కూడా ఆక్టగనే. అక్కడ స్తంభం మీద ఇప్పుడున్నది సెయింట్ పాట్రిక్ విగ్రహం. మొదట ఉన్నది ఒక బ్యాంకరుదట. మావారు ఆ కబురు విన్నప్పటి నుంచి అటు వెళ్ళినప్పుడల్లా ఒక్క నిమిషం ఆగేవారు, తోటి ఉద్యోగిని తలుచుకున్నట్టు! ఇంకో సంగతి, ముడతలు పోవడానికి మన సినిమావాళ్ళు కూడా వేయించుకునే బొటాక్స్ తయారయ్యేది ఈ ఊళ్ళోని ఫ్యాక్టరీలోనే. కాబట్టి చలికాలం తలుపులు మూసుకునే టూరిస్టు ఊరు కాదు. పిల్లలు బడికెళుతుంటారు, జనం షిఫ్టులకెళుతుంటారు. నెలరోజులు ఉండేవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది.

అద్దె జూలై, ఆగస్టుల్లో ఆకాశంలో ఉంటుంది. 2024 మేలో మాకు ఒక బెడ్‌రూమ్, వంటిల్లు ఉన్న చిన్న ఇల్లు వారానికి 600 యూరోలు పడింది. ఏడు వారాలు అన్నాక కొంచెం తగ్గించి ఇచ్చారు. సెప్టెంబరు మీకు మంచి నెలే. ఇంటివాళ్ళకి నేరుగా రాసి, "నెల ఉంటాం, ఇద్దరమే, సిగరెట్టు లేదు, మందు లేదు" అని చెప్పండి. బేరం మనకి పుట్టుకతో వచ్చిన విద్య, అక్కడ కూడా పనికొస్తుంది. కాకపోతే మర్యాదగా, ఒక్కసారే అడగాలి.

ఇక వీసా. ఇది జాగ్రత్తగా చదవండి. చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకే వీసా ఉంటుంది, దాన్ని షెంగెన్ అంటారు. ఐర్లాండ్ అందులో లేదు. షెంగెన్ వీసా ఉందని దిగలేరు, దీన్ని విడిగా తీసుకోవాలి. 90 రోజుల లోపుకి సి వీసా. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, కాగితాలు వీసా సెంటర్లో ఇవ్వాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. సింగిల్ ఎంట్రీకి ఫీజు మేం వెళ్ళినప్పుడు 60 యూరోలు. అబ్బాయి ఆహ్వాన పత్రం, తన జాబ్ లెటరు, మీ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పెన్షన్ కాగితాలు పెట్టండి. మీరు అబ్బాయి దగ్గర రెండు వారాలు, విడిగా నాలుగు వారాలు ఉంటున్నారు కాబట్టి, ఆ ఇంటి బుకింగ్ కూడా జతచేసి, ఎందుకలా అని కవరింగ్ లెటర్లో రెండు వాక్యాలు రాయండి. "కొడుకు ఉండగా వేరే ఊళ్ళో ఇల్లెందుకు" అన్న అనుమానం చదివేవాడికి రాకూడదు.

వీసా వచ్చింది కదా అని ధీమా కూడా వద్దు. ఎన్ని రోజులు ఉండొచ్చో నిర్ణయించేది డబ్లిన్ ఎయిర్‌పోర్టులో స్టాంపు వేసే ఆఫీసరు. తిరుగు టిక్కెట్టు, ఇంటి బుకింగ్ చేతి సంచీలోనే ఉంచుకోండి. మరొకటి, ఉత్తరాన బెల్‌ఫాస్ట్ వైపు వెళ్ళే బస్సు ఎక్కితే దారిలో గేటు గానీ చెక్‌పోస్టు గానీ కనిపించదు. కానీ అది బ్రిటన్ కింద ఉన్న ప్రాంతం. మీ వీసా మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటన్, ఐర్లాండ్‌ల ఉమ్మడి వీసా పథకం) అని రాసి ఉంటేనే వెళ్ళొచ్చు. అదుంటే అదే వీసాతో ఇంగ్లండు కూడా చూసి రావచ్చు, మొదట దిగేది మాత్రం ఐర్లాండ్‌లోనే అవ్వాలి.

తిండి గురించి మీకున్న బెంగ మాకూ ఉండేది. సూట్‌కేసులో నెయ్యి, కోవా, పాలతో చేసిన స్వీట్లు పెట్టకండి. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఎండుది, కారాలు, ఆవకాయ, కందిపొడి, ఇంగువ, చింతపండు నిక్షేపంగా వెళ్ళాయి. నెయ్యి లేకుండా ఎలా అంటారా? ఐర్లాండ్ వెన్నకి పుట్టిల్లండీ. అక్కడ గడ్డి తిన్న ఆవుల వెన్న పసుపు పచ్చగా, మన ఇంట్లో చిలికిన వెన్నలాగే ఉంటుంది. సూపర్ మార్కెట్లో మామూలుగా దొరికేది ఉప్పు వేసినది. ఉప్పు లేనిది అని చూసి తెచ్చుకుని కాచుకోండి. మునగాకు లేకపోయినా ఆ కమ్మదనం మా ఊరిదే. ఇంకో అదృష్టం, వాళ్ళు సోడా బ్రెడ్ చేసుకోవడానికి బటర్‌మిల్క్ అట్టపెట్టెల్లో అమ్ముతారు. చిక్కగా, పుల్లగా ఉంటుంది. బ్రెడ్‌కే అనుకుని రెండు వారాలు దాని వంక కూడా చూడలేదు నేను. ఒకరోజు తెచ్చి మజ్జిగ పులుసు పెట్టాను. ఆ తరువాత వారానికి రెండుసార్లు అదే.

కూరగాయలు క్యాబేజీ, క్యారెట్, బీన్స్, పాలకూర, వంకాయ, బంగాళాదుంప మామూలే. బెండ, దొండ, సొర కావాలంటే అబ్బాయి డబ్లిన్ నుంచి తేవాలి. కందిపప్పు, సోనా మసూరి కూడా మొదటి వారంలో డబ్లిన్‌లోనే కొని రైల్లో వేసుకోండి.

ఒక హెచ్చరిక. అక్కడి ఇళ్ళలో పొగ అలారం వంటింటికి దగ్గరే ఉంటుంది. మొదటి రోజు ఎండుమిరపకాయ పోపు వేశానో లేదో ఊరంతా వినపడేలా మోగింది. మావారు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతున్నారు, నేను కిటికీలు తెరుస్తున్నాను, పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టింది. ఇల్లు కాలుతోందని కాదు, "ఏం వండుతున్నారు, వాసన బావుంది" అని. పరిచయం అలా మొదలైంది. పోపు పెట్టే ముందు కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాను వేసుకుని, నూనె మరీ కాగనివ్వకుండా ఆవాలు వేస్తే చాలు. అలారం మీద గుడ్డ కప్పడం మాత్రం చేయొద్దు, అది ప్రాణాలకి సంబంధించినది.

అలాగే "ఇమ్మర్షన్". మనకి ఇమ్మర్షనంటే బకెట్లో పెట్టే రాడ్డు. అక్కడ బీరువాలాంటి చిన్న గదిలో, దాన్ని "హాట్ ప్రెస్" అంటారు, పెద్ద రాగి ట్యాంకు ఉంటుంది. దాని హీటరే ఇమ్మర్షన్. స్విచ్చుకి "సింక్", "బాత్" అని రెండు వైపులు. గిన్నెలకి సింక్, స్నానానికి బాత్. అరగంట ముందు వేసి, అయిపోగానే ఆపేయాలి. మేం ఒక రాత్రంతా ఆన్‌లో వదిలేశాం. పొద్దున అది చెబితే పక్కింటావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ దేశంలో ప్రతి తల్లీ పిల్లల్ని తిట్టే తిట్టు అదేనట, ఇమ్మర్షన్ ఆపలేదని. మనింట్లో గీజరు గోలే అనుకోండి.

పొద్దుపోతుందా అని అడిగారు. నిజం చెప్పాలంటే మొదటి వారం పోదు. వాన పడుతూ ఉంటుంది, పనిమనిషి రాదు, కూరల బండి రాదు, టీవీ సీరియలుకి టైము కుదరదు. అయిదో రోజు సాయంత్రం మేం ఇద్దరం ఎదురెదురుగా కూచుని ఒక్క మాట లేకుండా గంటసేపు వాన చూశాం. రెండో వారానికి దినచర్య పడుతుంది. పొద్దున ఏటి గట్టున నడక, లైబ్రరీలో పేపరు, ఖాళీ సీసాలు తీసుకుని సూపర్ మార్కెట్. సీసాలేమిటంటే, 2024 ఫిబ్రవరి నుంచి ప్లాస్టిక్ సీసా, డబ్బా కొన్నప్పుడల్లా డిపాజిట్ కట్టించుకుంటున్నారు. చిన్నదానికి 15 సెంట్లు, అర లీటరు దాటితే 25. నలగ్గొట్టకుండా మిషన్లో వేస్తే రసీదు వస్తుంది. మావారికి ఇది ఉద్యోగమైపోయింది. మూడో వారానికి షాపులో అమ్మాయి "ఇవాళ ఎన్ని తెచ్చారు" అని అడిగేది.

మాటలు కలుస్తాయా అన్న సందేహం పెట్టుకోకండి. అక్కడ పలకరింపు వాతావరణంతో మొదలవుతుంది. సన్నటి తుంపర పడుతుంటే "సాఫ్ట్ డే" అంటారు, ఎండ, గాలి ఉంటే "గ్రేట్ డ్రయింగ్" అంటారు, అంటే బట్టలు బాగా ఆరే రోజని. ఈ మాట పట్టుకుంటే చాలు, దండెం దగ్గర పక్కింటివాళ్ళతో పావుగంట కబుర్లు. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్స్ చెప్పడం మరవకండి, చిన్నపిల్లలు కూడా చెబుతారు.

సాయంత్రం పబ్బుకి వెళ్ళడానికి మొహమాటపడకండి. మీరు తాగరు కదా, "మినరల్" అంటే కూల్‌డ్రింక్ ఇస్తారు, టీ కూడా ఇస్తారు. బ్రిడ్జ్ స్ట్రీట్‌లో, చీఫ్‌టెన్స్ అనే ఐరిష్ సంప్రదాయ సంగీత బృందంలో ఫ్లూట్ వాయించిన మ్యాట్ మొలాయ్ పబ్బు ఉంది. వెనక గదిలో వాయిద్యగాళ్ళు వేదిక మీద కాదు, మామూలు బల్ల చుట్టూ కూచుని వాయిస్తారు. మన పల్లెల్లో రామాలయం అరుగు మీద భజన కూచున్నట్టే ఉంటుంది. ఎవరైనా పాట ఎత్తుకుంటే మాత్రం గది మొత్తం ఊపిరి బిగబడుతుంది, అప్పుడు మాట్లాడకూడదు. పక్కవాళ్ళు మీకు టీ కొనిస్తే తరువాత వంతు మీరు కొనాలి.

చుట్టుపక్కల చూడాల్సినవి మీకు ఏ వెబ్‌సైటైనా చెబుతుంది, నేను మూడే చెబుతాను. గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే, 1937 లో మూతబడిన రైలుమార్గం మీద వేసిన నడకదారి, అకిల్ దాకా 40 కిలోమీటర్ల పైచిలుకు. పాత రైలుదారి కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు లేవు, మోకాళ్ళకి పరవాలేదు. బ్యాటరీ సైకిళ్ళు అద్దెకిస్తారు. రెండోది క్రో ప్యాట్రిక్ కొండ, 764 మీటర్లు. ఏటా జూలై ఆఖరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరు చెప్పులు లేకుండా. అలిపిరి మెట్లెక్కినవాళ్ళకి అది వింతగా ఉండదు, కానీ ఇక్కడ మెట్లుండవు. శిఖరం దగ్గర కాలు పెడితే జారే రాళ్ళు. మేం సగంలో భుజం లాంటి చదును దాకా వెళ్ళి, దీవులతో నిండిన క్లూ అఖాతం కళ్ళారా చూసి దిగొచ్చాం. ఏడాదికెన్ని రోజులో అన్ని దీవులని చెప్పుకుంటారు. అందులో ఒకదాన్ని బీటిల్స్ జాన్ లెనన్ 1967 లో కొనుక్కున్నాడు.

మూడోది ఆ కొండ పాదాన మురిస్క్‌లో ఉన్న కరువు స్మారకం. 1997 లో పెట్టారు, జాన్ బీహన్ చేసిన కంచు ఓడ. దూరం నుంచి చూస్తే తెరచాప తాళ్ళలా కనిపిస్తాయి, దగ్గరికెళితే అవన్నీ అస్థిపంజరాలు. 1840 లలో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి తిండిలేక ఓడలెక్కి, దారిలోనే పోయినవాళ్ళు. నేను పాతికేళ్ళు బళ్ళో 1832-33 నాటి గుంటూరు నందన కరువు చెప్పినదాన్ని. రెండు చోట్లా అప్పుడు ఏలుతున్నది ఎవరో మీకు తెలుసు. ఆ ఓడ ముందు నిలబడితే పాఠం చెప్పినంత తేలికగా మాట రాలేదు.

కారు సంగతి: ఇండియా లైసెన్సుతో పర్యాటకులు నడపొచ్చు, మనలాగే ఎడమవైపే. అయినా మొదటిసారి వద్దంటాను. సందు రోడ్లు, రాతి గోడలు, పైగా గీత పడితే ఇన్సూరెన్సులో మన వాటా చాలా ఎక్కువ. ఆటోమేటిక్ కారుకి అద్దె కూడా ఎక్కువే. అబ్బాయి వచ్చిన శని, ఆదివారాలు తను నడుపుతాడు. మామూలు రోజుల్లో బస్సులు ఉన్నాయి, తక్కువ గానీ ఉన్నాయి. వెళ్ళే బస్సు టైముకన్నా తిరిగొచ్చే ఆఖరి బస్సు టైము ముందు చూసుకోండి.

మందులు ఆరు వారాలకి కాదు, ఎనిమిది వారాలకి సరిపడా తీసుకెళ్ళండి. మన డాక్టరు చీటీ మీద అక్కడి ఫార్మసీలో ఇవ్వరు, అక్కడి డాక్టరు మళ్ళీ రాయాలి. నాకు దగ్గు పట్టుకుని ఒకసారి చూపించుకుంటే ఫీజే 65 యూరోలు. పెద్దాసుపత్రి 18 కిలోమీటర్ల దూరాన కాసిల్‌బార్‌లో ఉంది. ట్రావెల్ ఇన్సూరెన్సులో బీపీ, షుగరు దాచకుండా రాయండి. దాచి తీసుకున్న పాలసీ అవసరానికి పనికిరాదు.

సెప్టెంబరు చలి గురించి మీ శ్రీమతిగారు అడిగారట. పగలు 15, 17 డిగ్రీలు ఉంటుంది. హైదరాబాద్ డిసెంబరు పొద్దుటిపూట అనుకోండి, కానీ గాలితో కలిపి. గొడుగు ఇంట్లో వదిలేయండి, మాది రెండో రోజే తిరగబడింది. టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ కోటు, తడిసినా జారని బూట్లు, లోపల ఉన్ని స్వెట్టరు. చీర మీద ఆ కోటు ఎలా ఉంటుందోనని నేనూ ముందు బిడియపడ్డాను. కుచ్చిళ్ళు తడిసి బరువెక్కాక పంజాబీ డ్రెస్సుల్లోకి మారిపోయాను. ఆవిడకి కోటు ఇక్కడ కొనకండి, అక్కడే కొనుక్కోండి. వాళ్ళ వానకి వాళ్ళ కోటే ఆగుతుంది.

కవరింగ్ లెటరు రాశాక పేర్లూ, పాస్‌పోర్టు నంబర్లూ తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.